పగటివేషగాడి నాడి

ఒక ఉదయం పెనం మీద దోసె పోసి, తిప్పడం మరిచిపోయి నిలబడింది ఈశ్వరి. మాడు వాసనకు నరహరి పేపరు పక్కన పెట్టి వంటింట్లోకి వచ్చాడు. ఆమె ఎడమ చేతిని గుండెకు ఆనించుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది.

“ఏమండీ, ఊరంతా లేచింది,” అంది.

బయట ఎవరూ లేరు. రోడ్డు మీద ఒక ఆవు తప్ప ఏమీ కదలడం లేదు. అయినా ఆమె అబద్ధం చెప్పడం లేదని నరహరికి తెలుసు. మోటర్లు, హీటర్లు, మిక్సీలు ఒకటొకటిగా మేలుకుంటున్న సంగతి ఆమె మణికట్టుకున్న పట్టీ ఆమెకు చెబుతోంది. ఇన్నాళ్ళూ చర్మం మీద తట్టినట్టు మాత్రమే ఉన్నది ఆ ఉదయం అర్థమై వినిపించింది.

నరహరి మనస్తత్వ శాస్త్రం చదువుకున్నవాడు. పుట్టుకతో లేని ఇంద్రియాన్ని మనిషికి తర్వాత నేర్పవచ్చా అన్నది కాలేజీ రోజుల నుంచి అతన్ని వదలని ప్రశ్న. చూపు లేనివాళ్ళు వేళ్ళతో చదువుతారు. కొన్నాళ్ళకు వాళ్ళ వేళ్ళకు చుక్కలు తగలడం మానేసి మాటలే తగులుతాయి. కరెంటు సెకనుకు యాభైసార్లు కొట్టుకుంటుంది. వాడకం పెరిగితే ఆ లయ కాస్త సడలుతుంది, తగ్గితే బిగుస్తుంది. కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్ళు ఆ అంకెను తెర మీద చూస్తూ యాభై దగ్గర పట్టి ఉంచుతారు. కన్ను అలిసిపోతుంది, చర్మం అలవాటు పడుతుంది, అందుకని ఆ లయను చర్మానికే అప్పగిద్దామని నరహరి ఐదేళ్ళు కష్టపడి ఆ పట్టీ తయారు చేశాడు. ఆరుగురు ఆపరేటర్లకు కట్టాడు. ఐదుగురికి చీమలు పాకినట్టు తప్ప ఇంకేమీ తెలియలేదు, విప్పి ఇచ్చేశారు. తెలిసింది ఈశ్వరి ఒక్కదానికే. ఆమె గుట్టకిందపల్లె కంట్రోల్ రూములో షిఫ్టు ఇంజనీరు, నరహరి భార్య.

ఆ ఉదయం ఆమె మొహంలో కనిపించిన ఆశ్చర్యాన్ని అతను పెళ్ళైనప్పటి నుంచి ఎప్పుడూ చూడలేదు. తను చేసిన వస్తువు వల్ల కలిగిన ఆశ్చర్యం అది. తన వల్ల కలిగింది కాదు. ఆ తేడా అతనికి అక్కడే తెలిసింది. తెలిసినా సంతోషపడ్డాడు, మాడిన దోసె తనే తిన్నాడు.

రాష్ట్రం ముందు అప్పుడు ఒక ప్రశ్న ఉంది. రాబోయే యాభై ఏళ్ళకు కరెంటు ఎక్కణ్ణించి తేవాలి? సముద్రతీరంలో అణు కేంద్రం కట్టాలా? లేక ఈ ఎండిన గుట్టల మీద గాలిమరలూ సోలారు పలకలూ పరిచి, మిగిలిన కరెంటుతో నీళ్ళను కొండెక్కించి, చాలనప్పుడు వదిలి కరెంటు తీసేలా దాచుకోవాలా? అణు కేంద్రానికి కాస్త నేల చాలు, కానీ కట్టేసరికి ఏళ్ళు గడిచిపోతాయి, వాడేసిన ఇంధనానికి తరతరాలు కాపలా ఉండాలి. ఎండా గాలీ తొందరగా అందివస్తాయి, కానీ బోలెడు నేల అడుగుతాయి, పైగా వాటికి ఇష్టమైనప్పుడే వస్తాయి. నిపుణులు ఒకరి లెక్క ఒకరు కొట్టేసుకుంటూ పోయారు. తూకం ఎటూ మొగ్గలేదు. అప్పుడు దీన్ని తేల్చడానికి ప్రభుత్వం వేసిన కమిటీ అధ్యక్షురాలు, రిటైర్డు జడ్జి మృణాళిని గారు, “యంత్రాల సంగతి అందరూ చెప్పారు. వాటితో రోజూ బతికే మనిషి మీద ఏది ఎక్కువ బరువు వేస్తుందో ఎవరైనా చూశారా?” అని అడిగారు.

ఎవరూ చూడలేదు. చూసే పని నరహరికి వచ్చింది.

గుట్టకిందపల్లె చుట్టూ మూడు మండలాలను రాష్ట్రపు లైన్ల నుంచి విడదీసి, ఊరి బయట షెడ్డులో ఒక యంత్రాన్ని నిలబెట్టారు. అణు కేంద్రంలా నడవమంటే అది అచ్చం అలాగే నడుస్తుంది. ఎండా గాలీలా నడవమంటే, బయటి ఆకాశాన్ని చూసుకుంటూ, మబ్బు పడితే తగ్గుతుంది, గాలి లేస్తే పెరుగుతుంది. ఒకరోజు శివుడిగా, మర్నాడు జమీందారుగా, ఆ మర్నాడు పోలీసుగా వచ్చి ఇంటింటి ముందూ నిలబడేవాళ్ళు గుర్తొచ్చి, నరహరి సహాయకుడు సాల్మన్ దానికి పగటివేషగాడు అని పేరు పెట్టాడు. వారంలో అందరూ అదే పేరుతో పిలవసాగారు.

“జాగ్రత్త సార్, వేషం అయినాక ఇంటిముందుకొచ్చి సంభావన అడుగుతాడు,” అనేవాడు సాల్మన్.

మొదటి నెల అణు వేషం, రెండో నెల ఎండా గాలీ వేషం. రెండు నెలలూ ఈశ్వరి ఇంట్లోనూ డ్యూటీలోనూ పట్టీతోనే ఉంటుంది. ఆమె నిద్ర, గుండె, పనిలో తప్పులు యంత్రాలు చూసుకుంటాయి. వీటికి తోడు, యంత్రాలకు అందని సంగతి ఇంట్లో కలిసి ఉండేవాళ్ళకు తెలుస్తుంది కాబట్టి, రోజూ పొద్దున సాల్మన్ వాళ్ళకు ఫోన్ చేసి మనిషి ఎలా ఉందో అడిగి పదికి ఇన్ని అని మార్కులు వేసుకోవాలి. ఈ పద్ధతి నరహరే పెట్టాడు. ఆరుగురు ఉన్నప్పుడు పెట్టిన పద్ధతి అది. ఒక్కరే మిగిలాక, ఆ ఇంట్లో కలిసి ఉండే మనిషి తనే అన్న సంగతి అతనికి తట్టకపోలేదు. పొద్దునే సాల్మన్ అడిగితే తనే జవాబు చెబుతాడు, అంతే కదా అనుకున్నాడు. మనసులోకి చూడటం తన వృత్తి కాబట్టి తన మనసు తనను మోసం చెయ్యదని అతనికి ఒక ధీమా.

అణు నెల మొదలైన సాయంత్రం అన్నం తింటూ అడిగాడు.

“ఎట్లుంది?”

“మా అవ్వకాడ పెద్ద తిరగలి ఉండేదండీ. ఒకసారి తిరగడం పట్టిందంటే దోసెడు కందులు పోసినా దానికి లెక్కే లేదు. ఇది అట్లుంది. మిల్లు వేసినా, మోటర్లు వేసినా, ఎవరేం చేసినా దీనికి పట్టదు.”

“మంచిదే కదా.”

“మంచిదే,” అంది ఈశ్వరి చారు పోసుకుంటూ.

నిజంగానే మంచి నెల. పడుకోగానే ఆమెకు నిద్ర పట్టేది. సాయంత్రాలు ఇద్దరూ గుట్ట దాకా నడిచేవాళ్ళు. మధ్యలో ఆగి మణికట్టు వంక చూసుకోవడం మానేసింది. అతను ఏదైనా చెబితే మొహం చూస్తూ వినేది. నరహరికి మనుషులతో పెద్దగా పొసగదు. ఎదుటివాడిని కొలవడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటే తప్ప ఎవరి పక్కనా నింపాదిగా కూర్చోలేడు. ఈశ్వరి పక్కన మాత్రం ఆ నెల ఏ పరికరమూ లేకుండా కూర్చున్నాడు. పొద్దున సాల్మన్ అడిగితే తొమ్మిది అనేవాడు, ఒక్కోసారి తొమ్మిదిన్నర.

గుట్టకిందపల్లె రైతు రామాంజినేయులు ఒకరోజు సంచినిండా పచ్చి చెనక్కాయలు తెచ్చి కంట్రోల్ రూము బల్ల మీద కుమ్మరించాడు.

“ఇదేం కరెంటమ్మా ఇది! ఎప్పుడు జూసినా ఉండాది. బోరుకాడికి పోయి కాపలా పండుకునే పనే లేదు. మా ఆడమనిషి ఏమంటాదంటే, ఈ నెల నా మొగుడు ఇంట్లో కనపడతాండాడు, ఈ కరెంటునే ఉంచమను అంటాది.”

“అది అణు కరెంటన్నా,” అన్నాడు సాల్మన్ చెనక్కాయ ఒలుస్తూ. “వాడినాక మిగిలే బూడిదను నీ మనవడి మనవడు కూడా కాపలా కాయాల.”

“కాస్తాడులే. ఇప్పుడు నేను పొలానికి కాయల్యా? వానికి మాత్రం పని ఉండొద్దా?”

అందరూ నవ్వారు. నరహరి కూడా నవ్వాడు. ఆ మాటలో హాస్యం ఎంత, నిజం ఎంత అని తర్వాత చాలాసేపు ఆలోచించాడు.

మూడో వారంలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఈశ్వరి అతనికి పప్పు వడ్డిస్తోంది. గరిటె ఆమె చేతిలోంచి జారిపడింది. ఆమె గోడ పట్టుకోబోయి, పట్టు దొరక్క, ఉన్నచోటే కూలబడింది. అదే క్షణంలో ఫ్యాను ఆగిపోయింది.

“నేల పోయింది,” అంది. “నేల… ఉండింది, పోయింది.”

పెద్ద కేంద్రం ఎప్పుడైనా తనను తాను కాపాడుకోవడానికి ఒక్కసారిగా ఆగిపోతుంది. అదేమీ ప్రమాదం కాదు, జాగ్రత్తే. కానీ ఆగితే ఉన్న కరెంటంతా ఒక్క దెబ్బతో పోతుంది. పగటివేషగాడు ఆ భాగాన్ని కూడా నిజాయితీగా ఆడాడు. ముందుగా సూచన లేదు. ఇన్నాళ్ళూ కదలనిదాని మీద ఆనుకుని ఉన్న ఒళ్ళు ఒక్కసారిగా ఖాళీలోకి ఒరిగింది. మూడు మండలాలకూ కరెంటు మళ్ళీ తెచ్చేసరికి సాయంత్రమైంది. అప్పటిదాకా ఈశ్వరి గోడకు ఆనుకుని అక్కడే కూర్చుంది. నరహరి ఆమె చేతిని పట్టుకుని నాడి చూశాడు, వేగం మనసులో గుర్తు పెట్టుకున్నాడు, మంచినీళ్ళు ఇచ్చాడు.

మర్నాడు సాల్మన్ ఫోన్ వచ్చేసరికి ఆమె వరండాలో కూర్చుని నిమ్మళంగా పేపరు చదువుతోంది.

“మేడం ఎట్లున్నారు సార్? నిన్నటికి ఎంత వేసుకోమంటారు?”

“నిన్న కొంచెం తల తిరిగింది. ఇప్పుడు బానే ఉంది. ఎనిమిది వేసుకో.”

తర్వాతి నెల ఎండా గాలీ వేషం. మొదటిరోజే ఈశ్వరి నిద్రపోలేదు.

“తిరగలి కాదండీ ఇది,” అంది పొద్దున. కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ మొహం వెలిగిపోతోంది. “చంటిపిల్లను చంకనేసుకున్నట్టుంది. నిద్రపోతున్నా, కదులుతున్నా, ఆకలేస్తున్నా, అన్నీ తెలుస్తున్నాయి.”

వాళ్ళకు పిల్లలు లేరు. ఆ పోలిక ఆమెకు ఎక్కణ్ణించి వచ్చిందని నరహరి అడగలేదు.

బరువైన తిరగలి లేదు కాబట్టి ఎవరు ఏ స్విచ్చి వేసినా లయకు తగులుతోంది. స్కూళ్ళు వదిలిన సంగతి, టీవీ సీరియల్ మధ్యలో ప్రకటన వచ్చి ఇంటింటా మిక్సీ తిరిగిన సంగతి, గుట్ట మీదికి మబ్బు వచ్చిన సంగతి ఆమె ఉన్నచోటే కూర్చుని చెప్పేది. చెప్పి ఊరికే నవ్వుకునేది. “ఈరోజు అందరూ ఒకేసారి పచ్చడి నూరుతున్నారు, సీరియల్లో ఏదో చావు ఉన్నట్టుంది,” అనేది. నరహరి ఏదైనా మాట్లాడితే “ఊఁ” అనేది. ఆ “ఊఁ”కూ అతను చెప్పినదానికీ సంబంధం ఉండేది కాదు. గుట్ట దాకా నడక ఆగిపోయింది. మూడు మండలాల జనం తన ఇంట్లోకి వచ్చి, తనకూ ఆమెకూ మధ్య కూర్చున్నట్టు అతనికి అనిపించేది. ఆ జనానికి మొహాలు లేవు, వాళ్ళతో పోట్లాడటానికి కూడా లేదు.

“ఐదు వేసుకో,” అనేవాడు సాల్మన్‌తో. ఒకరోజు, “నాలుగు.”

ఆ నాలుగు వచ్చింది సుడిగాలి రోజు. మధ్యాహ్నం దుమ్ము ఎగిసి ఎండను కప్పేసింది, తర్వాత గాలి చచ్చుబడిపోయింది. పగటివేషగాడు బక్కచిక్కాడు. కొండ మీద దాచిన నీళ్ళు వదిలినా చాలలేదు. కంట్రోల్ రూములో ఈశ్వరి నియమం ప్రకారం ఒక లైను కాసేపు ఆపి, నీళ్ళ కరెంటు పుంజుకున్నాక మళ్ళీ ఇచ్చింది. ఇచ్చిన మరుక్షణం లయ కుప్పకూలింది. మళ్ళీ ఆపింది, మళ్ళీ ఇచ్చింది, మళ్ళీ కూలింది. ప్రతిసారీ ఆమె భుజం దాకా అదిరిపడటం పక్కనే ఉన్న నరహరి చూశాడు.

“ఎవరో చెంపదెబ్బ కొడుతున్నట్టుంది,” అంది పళ్ళు బిగించి. “ఏమి జరుగుతాంది సాల్మన్?”

సాల్మన్ నుదురు కొట్టుకున్నాడు. “ఆటో స్టార్టర్లు మేడం!”

ఆ ప్రాంతంలో బోరు ఉన్న ప్రతి రైతూ మోటరుకు ఆటో స్టార్టరు పెట్టుకుంటాడు. కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియని రోజుల్లో పట్టుబడిన అలవాటు. కరెంటు రావడంతోనే మోటరు దానంతటదే తిరుగుతుంది, మనిషి పొలంలో ఉండనక్కర్లేదు. రాజధాని నుంచి వచ్చి ప్రయోగానికి రూపురేఖలు గీసినవాళ్ళు ఎండను కొలిచారు, గాలిని కొలిచారు. వేల మోటర్లు ఒకేసారి లేచి నోరు చాచే ఈ అలవాటును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. తీసుకోవాల్సిన మనిషి ఇక్కడే పుట్టిన నరహరి. వాళ్ళ నాన్న బోరుకు కూడా ఆటో స్టార్టరే.

ఈశ్వరి ఫోను తీసింది.

“రామాంజినేయులన్నా, ఆటో తీసేయండి. మీ పల్లెవాళ్ళందరికీ చెప్పు.”

“ఆటో తీసేస్తే మళ్లా మోటరెవరు వేస్తారమ్మా? నువ్వొచ్చి వేస్తావా?”

“నీకు ఫోన్ చేస్తా. నువ్వు వేద్దువుగాని.”

“చెనక్కాయ ఎండిపోతాంది తల్లీ! ముందు మా పల్లెకియ్యి, తర్వాత ఊరందరికీ…”

“ఇట్లనే పోతే అందరిదీ ఎండుతాది. ఒక్క గంట నా మాట విను. గొంతు చించుకోలేనన్నా.”

అవతల ఆయన ఎవరినో గట్టిగా పేరు పెట్టి పిలిచిన కేక వినిపించింది. సాయంత్రమయ్యేసరికి పల్లెకొక మనిషి చొప్పున ఒక వాట్సాప్ గ్రూపు తయారైంది. ఈశ్వరి చెప్పిన వరసలో ఒక్కో పల్లె మోటర్లు వేసుకుంది, తన వంతు అయ్యాక ఆపుకుంది. మధ్యలో బూతులు, వాదులాటలు, పక్క పల్లెవాడు దొంగతనంగా వేశాడన్న ఫిర్యాదులు. కానీ లయ నిలబడింది.

ఇంటికి వచ్చేటప్పుడు ఈశ్వరి మణికట్టు వాచి ఉంది. “గుట్టకిందపల్లెవాళ్ళు ఎట్ల ఆపినారో తెలుసా, ఒకేసారి, ఊపిరి వదిలినట్టు…” అని చెప్పబోయింది.

“అన్నం తింటావా?” అన్నాడు నరహరి.

కమిటీ ముందుకు వెళ్ళే ముందురోజు సాయంత్రం సాల్మన్ ఇంటికి వచ్చి మొత్తం ఫలితాన్ని చదివి వినిపించాడు. అణు నెల చాలా ముందుంది. తూకం ఇక మొగ్గినట్టే. ఈశ్వరి కాఫీ గ్లాసులు బల్ల మీద పెడుతూ అడిగింది.

“యంత్రాల లెక్క రెండు నెలలకీ కొంచెం అటూ ఇటూగా ఒకటే ఉంది కదా. మరి ఇంత తేడా ఎక్కడొచ్చింది?”

సాల్మన్ నరహరి వంక చూశాడు. “ఇంట్లోవాళ్ళు వేసిన మార్కులు మేడం.”

“ఇంట్లో ఈయన తప్ప ఇంకెవరున్నారు?” అని ఆగింది. “ఆ ఆదివారానికి ఎంత?”

“ఎనిమిది మేడం.”

“సుడిగాలి రోజుకు?”

సాల్మన్ కాఫీ గ్లాసులోకి చూస్తూ, “నాలుగు,” అన్నాడు. కాఫీ పూర్తి చేయకుండానే, బయట బండి అడ్డంగా పెట్టానని లేచి వెళ్ళిపోయాడు.

ఈశ్వరి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. “ఆ ఆదివారం నేను చచ్చిపోయాననుకున్నానండీ.”

“నువ్వు చెప్పలేదు.”

“మీరు అడగలేదు. ఎట్లుంది అన్నారు. ఎట్లున్నావు అనలేదు.”

ఆ రెండు ప్రశ్నలూ తనకు ఒకటిగానే ఎందుకు వినిపించాయని నరహరి తనలోకి తను చూసుకున్నాడు. చూసుకోవడం అతనికి అలవాటే. కానీ అక్కడ కనిపించింది మాత్రం కొత్తది. ఆమె నెమ్మదిగా ఉన్న ప్రతి పూటా తను బాగున్నాడు. తను బాగుండటాన్ని ఆమె ఖాతాలో వేశాడు.

“ఆ నెల నువ్వు నా దగ్గరున్నావు,” అన్నాడు చివరికి. “రెండో నెల లేవు. నేను చూసింది అదే. అబద్ధం చెప్పలేదు.”

“మొదటి నెల కూడా నేను లేనండీ. నిద్రమత్తులో ఉన్నట్టుండింది. అంతా బాగుంటే ఇంక నాకు పనేముంది అని. అది కూడా హాయే, కాదనను. ముసలైనాక అట్లాంటిదే కావాలేమో.” నవ్వబోయింది, నవ్వు రాలేదు. “మీకు నేను కావాలా, నెమ్మదిగా ఉండేది ఏదైనా ఫరవాలేదా?”

ఆ ప్రశ్నకు అతని దగ్గర కొలత లేదు. తన మార్కులు తీసేస్తే ప్రయోగం ఏమీ తేల్చనట్టే, ఐదేళ్ళ పని గాలికి పోతుంది. ఉంచితే తీరంలో అణు కేంద్రం వస్తుంది, గుట్టల్లో ఎప్పటికీ ఆ తిరగలి లయే ఉంటుంది, ఈశ్వరి సాయంత్రం నడకకు వస్తుంది. అణు కేంద్రమే సరైనది కావచ్చు కూడా. ఆ సంగతి అతనికి నిజంగా తెలియదు. ఒక సరైన సంగతిని తప్పు కారణంతో చెప్పవచ్చా అన్నది అతన్ని ఆ సాయంత్రమంతా వదల్లేదు.

మర్నాడు కమిటీ ముందు నిలబడి ముందుగా ఆ సంగతే చెప్పాడు. ఈ ఫలితంలో తేడా అంతా ఒక భర్త ఇచ్చిన మార్కుల వల్ల వచ్చింది, ఆ భర్తను నేనే అన్నాడు. కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక ఇంజనీరు సభ్యుడు కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఐదేళ్ళు ఖర్చు పెట్టించి, ఆలుమగల తగువు మా ముందుకు తెచ్చారన్నమాట!”

హాల్లో నవ్వులు లేచాయి. మృణాళిని గారు నవ్వలేదు. “అయితే మీ లెక్క చెల్లదంటారా?”

“చెల్లుతుందండీ, ఒక్క ఇంటికి. మీరు దాన్ని కోట్ల మందికి వాడుకోబోతున్నారు.”

సాక్షిగా వచ్చిన రామాంజినేయుల్ని ఆవిడ ఏ నెల బాగుందని అడిగారు. ఆయన తలగుడ్డ చేతిలో నలుపుకుంటూ లేచాడు.

“నాకు మొదటి నెలే బాగుండె మేడం, ఉన్నమాటే చెప్తా. కరెంటు గురించి తలకాయలో పెట్టుకోకుండా బతకడం ఎంత సుఖమో మీకు తెల్దు. రెండో నెలలో నా మోటరు నేను వేసుకోను పక్కపల్లెవాణ్ణి అడగాల్సొచ్చె. కొట్లాడినాం కూడా. అయితే ఒకటి, ఎవని బోరు ఎంత తాగుతాదో ఇప్పుడు అందరికీ తెలిసిపాయె. ఇంక దాపరికం లేదు. అది మంచికో చెడుకో నాకు తెల్దు.”

సాల్మన్ చెయ్యెత్తాడు. “మేడం, మా మామది ఆ తీరంలోని ఊరే. అణు కేంద్రం వస్తే ఆయన ఇంటి వెనకాలే వస్తుంది. మేము ఇక్కడ బరువూ తేలికా అని చూసినాం గానీ, ఆయన గుండె ఎట్ల కొట్టుకుంటుందో ఎవరూ చూడలేదు.”

చివరికి ఈశ్వరిని అడిగారు, మీకు ఏది కావాలని.

“నాకిష్టమైంది చెప్పగలనండీ. రెండోది. దాంతో అలిసిపోయినా నాకు బతికున్నట్టు ఉండింది. కానీ నాకిష్టమైందంటే అందరికీ మంచిదని కాదు కదా. అందరూ నాలా చెయ్యి వాచేదాకా మెలకువగా ఉండాలని చెప్పడానికి నేనెవర్ని?”

కమిటీ ఆ రోజు దేన్నీ ఎంచలేదు. ఫలితాన్ని పక్కన పెట్టి, ప్రయోగాన్ని ఏడాది పొడుగునా రెండు వేషాలతోనూ నడపమనీ, మూడు మండలాల జనాన్నీ తీరంలోని ఊళ్ళనూ అడగమనీ చెప్పింది. ఇంజనీరు సభ్యుడు ఆలస్యానికి ఎవరు జవాబు చెబుతారని గొణిగాడు. ఆయన అడిగింది కూడా అన్యాయం కాదు, ఆలోచిస్తున్నంత కాలమూ ఎక్కడో బొగ్గు మండుతూనే ఉంటుంది. నరహరిని పర్యవేక్షణ నుంచి తప్పించారు. పోతూ పోతూ అతను ఒకటే అడిగాడు, పట్టీ ఒకటి తనకు కూడా కట్టమని. ఐదేళ్ళూ ఇతరుల చేతులకే కట్టాడు. తన చేతికి కట్టుకోవాలని ఒక్కసారీ తోచలేదు.

చాలా వారాలు చీమలే పాకాయి. అంతకన్నా ఏమీ తెలియదేమో అనుకున్నాడు, ఐదుగురికి తెలియలేదు కదా. కుతూహలం మాత్రం పోలేదు. ఆకలిలా పొద్దున్నే లేచి కూర్చునేది. ఎండా గాలీ వేషం మళ్ళీ వచ్చిన ఒక మధ్యాహ్నం కంట్రోల్ రూములో ఒక మూల కుర్చీలో కూర్చుని ఉండగా, మణికట్టు మీద ఏదో సడలింది. చీమలు కావు. ఎక్కడో ఎవరికో బరువు ఎక్కువైనట్టు, మెట్ల మీద మనిషి ఆగినట్టు. అతను ఊపిరి బిగబట్టాడు. అది ఇంకా కిందికి జారింది. తర్వాత ఎవరో కింద చెయ్యి పెట్టి ఎత్తినట్టు, నెమ్మదిగా, తొందరపడకుండా పైకి లేచింది. ఆ ఎత్తిన తీరులో ఎంత శ్రద్ధ ఉందంటే, అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఈశ్వరి ఉన్నది ఈ లయలోనే, ఇలాగే అనుకున్నాడు.

తెర ముందు కూర్చున్న ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

“ఇప్పుడు ఎత్తింది నువ్వే కదా?”

ఈశ్వరి తల తిప్పి చూసింది. అతని మణికట్టు వంక, తర్వాత మొహం వంక. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

“తెలిసిందా మీకు?”

“తెలిసింది. నువ్వే.”

“నేను కాదండీ.” ఆమె చేతిలోని ఫోను చూపించింది. “నేనింకా ఎవరికీ చెప్పనే లేదు. గుట్టకిందపల్లెవాళ్ళు మబ్బును చూసి, వాళ్ళంతట వాళ్ళే మోటర్లు ఆపేసినారు.”